ఎక్కువ రాత్రులు ఎక్కడ పడుకుంది

“మీ బ్రెన్నాని ఇంకెవరో ముందే తమ పిల్లగా చూపించేసుకున్నారు రాడ్నీ, అందుకే మీ పన్ను కాగితం తిరిగొచ్చింది,” అంది ఇర్మా ఓడెగార్డ్, కళ్ళజోడు నుదుటి మీదికి నెట్టుకుని, సూపులో ఉప్పు తక్కువైందని చెప్పినంత మామూలుగా. రాడ్నీ కివెలా నవ్వాడు. ఏం జరిగినా అతనికి ముందు నవ్వే వస్తుంది, రైలు పట్టా తప్పిన రోజు కూడా నవ్వాడని డిపోలో ఇప్పటికీ చెప్పుకుంటారు. ఇర్మా దగ్గర పన్ను కాగితాలు రాయించుకోవడం బ్రెన్నా పుట్టినప్పటి నుంచీ అలవాటు, ఆమె బల్ల మీద అదే పిప్పరమెంట్ల గిన్నె, కిటికీలో అదే ఎండిపోని మొక్క, పిల్ల పేరు రాసే చోట ఏడాది విడిచి ఏడాది అదే పేరు. విడిపోయిన తల్లిదండ్రుల్లో ఒక్కరే పిల్లని చూపించుకోవాలి, ఒకరు చూపించుకుంటే ఆ మేరకు పన్ను తగ్గుతుంది, ఇద్దరూ చూపిస్తే తంటా. అందుకే కోర్టులో ఒప్పుకున్నారు, ఒక ఏడాది తల్లి మార్లా, ఒక ఏడాది అతను. ఇది అతని వంతు. అంటే మార్లా. ఇంకెవరు? నవ్వు అలాగే పెదాల మీద ఉండిపోయింది, లోపల మాత్రం పాత వేడి లేచింది, వంటింట్లో గిన్నెలు విసురుకున్న రోజుల వేడి, డులూత్ ఊరంతా మంచు కింద ఉన్నా చల్లారని వేడి.

“మార్లా పనే,” అన్నాడు.

“ఎవరో వాళ్ళు చెప్పరు, చట్టం ఒప్పుకోదు. తల్లే అయ్యుంటుంది, ఎప్పుడూ తల్లో తండ్రో ఉంటారు. ముందు పంపినవాళ్ళే నెగ్గుతారని ఏం లేదు. మీరూ మళ్ళీ పంపండి, బడి నుంచి చిరునామా రుజువు తెప్పించి జత చేద్దాం. బడి లెక్కల్లో మీ ఇల్లేగా ఉంది. అప్పుడు ఇద్దరికీ ఉత్తరాలు వస్తాయి, ఎవరిది నిజమో వాళ్ళు తేలుస్తారు.” ఇర్మా కళ్ళజోడు మళ్ళీ కిందికి దించింది. “కానీ పోయిన వారం అడిగిందే ఇంకోసారి అడుగుతున్నాను, కోప్పడకండి. పోయిన ఏడాది పిల్ల ఎక్కువ రాత్రులు ఎక్కడ పడుకుంది?”

“నా దగ్గరే,” అన్నాడు రాడ్నీ, పోయిన వారం అన్నంత తొందరగానే.

కారులో కూర్చుని తలుపు వేసుకున్నాక గాని చేతి తొడుగులు ఇర్మా బల్ల మీదే మర్చిపోయానని తెలియలేదు. వెనక్కి వెళ్ళబుద్ధి కాలేదు. మార్లాకి ఫోన్ చేయాలి, మార్లాకి ఫోన్ చేసి ఎన్నాళ్ళయింది, పోయిన వేసవిలో అనుకుంటా, పిల్ల ఎత్తుపళ్ళకి వేయించిన తీగల సంగతి, అప్పుడు కూడా సగంలో పెట్టేసింది, లేక నేనే పెట్టేశానా. ఆ తర్వాత అన్నీ బ్రెన్నా ద్వారానే. అమ్మ ఈ వారం ఉండమంది. నాన్న ఈ వారం ఊళ్ళో ఉంటాడట. పిల్ల మాట మీద రెండిళ్ళు నడిచిపోయాయి, ఎవరూ ఎవరితోనూ మాట్లాడాల్సిన పని లేకుండా, ఎంత హాయిగా ఉండిందో ఆ ఏర్పాటు. ఫోన్ మోగింది, మోగింది, అవతల ఆమె పనిచేసే ఆసుపత్రి వంటింటి చప్పుడు, ట్రేలు ఒకదాని మీద ఒకటి పడుతున్న చప్పుడు, దాని మధ్య మార్లా గొంతు, ఎప్పటిలాగే పరిగెత్తి వచ్చినట్టు.

“ఏమైంది? పిల్లకేమైనా అయిందా?”

“పిల్లకేం కాలేదు. నా వంతు ఏడాదిలో నువ్వెలా రాసుకున్నావ్ దాన్ని?”

“నేనేం రాసుకోలేదు. నా కాగితాలింకా డ్రాయర్లోనే ఉన్నాయి.”

“అయితే నీతో ఉంటున్న ఆ గ్రెగ్ రాశాడేమో.”

“గ్రెగ్ తన కారు ఎక్కడ ఆపాడో గుర్తుపెట్టుకోలేడు, మన అమ్మాయిని పన్నులో రాస్తాడా? నీకు పనేం లేదా రాడ్నీ. పిల్ల ఎప్పుడూ నీ దగ్గరే ఉంటోంది, నా మొహం చూడటానికి ఆదివారం రెండు గంటలు వస్తోంది అని నేనేడుస్తుంటే, పైగా నన్నే అంటావా.”

“నా దగ్గర ఎక్కడుంటోంది? నీ దగ్గరేగా ఉండేది.”

ట్రేల చప్పుడు ఆగలేదు, మార్లా ఊపిరి మాత్రం ఆగింది. అతనికి ఆ ఊపిరి తెలుసు. ఆసుపత్రిలో బ్రెన్నా పుట్టాక నర్సు పాపని ఎత్తుకుని ఏడుపు కోసం వీపు మీద తట్టిన ఆ కాసేపు, మార్లా ఇలాగే ఊపిరి బిగబట్టింది, అతని మణికట్టు పట్టుకుని. ఇప్పుడు పట్టుకోవడానికి మణికట్టు లేదు, ఊరి అటు చివర ఒకరు, ఇటు చివర ఒకరు.

“ఆటలాడకు,” అంది చివరికి, చాలా నెమ్మదిగా. “నిన్న రాత్రి నీ ఇంట్లో లేదా?”

“నిన్న రాత్రి నేను డ్యూటీ మీద పైన గనుల దగ్గర ఉన్నాను, మోటెల్లో. నీ దగ్గరికి వెళ్తున్నానని చెప్పింది.”

“నా దగ్గరికి రాలేదు. ఆదివారం తిని, నీ కారు వీధి చివర ఆగిందని వెళ్ళిపోయింది. నేను కిటికీ దగ్గరికి పోలేదు. నీ మొహం చూడటం ఇష్టం లేక.”

“ఆదివారం నేను రాలేదు మార్లా.”

బ్రెన్నా బడిలో ఉంటుంది, ఫోన్ సంచిలో ఉంటుంది, ఎత్తదు. ఎక్కడ పడుకుంటున్నావ్, అని రాశాడు, తొడుగు లేక మొద్దుబారిన వేలికి ఒక్కో అక్షరం రెండుసార్లు పడింది. ఎక్కడ పడుకుంటున్నావ్. ఒక తండ్రి కన్నకూతుర్ని అడిగే మాటేనా ఇది. కారు అద్దం మీద అతని ఊపిరి పొగమంచులా పట్టింది, రోడ్డు కనిపించడం మానేసింది, ఆ తెల్లదనంలో ఎన్ని వచ్చాయి, బస్టాండు బెంచీలు, ఎవడో మీసాలవాడి వ్యాను, నేలమాళిగలో పరుపు, పేపర్లో పడే ఫోటోలు, అమ్మాయిల బడి ఫోటోలు, అన్నిట్లోనూ పళ్ళకి తీగలు. మార్లా ఫోన్ పెట్టలేదు, అతనూ పెట్టలేదు, ఇద్దరూ ఒకరి ఊపిరి ఒకరు వింటూ కూర్చున్నారు, పెళ్ళయి కలిసున్న రోజుల్లో కూడా ఇంతసేపు ఒకరినొకరు విన్న గుర్తు లేదు. అప్పుడు జవాబు వచ్చింది. జోలీన్ దగ్గర. పార్క్ పాయింట్‌లో. పోయిన ఏడాది చలికాలం నుంచి. దాని కిందే ఇంటి నంబరు. దాని కింద ఇంకొకటి, నాన్నా తన మీద అరవొద్దు.

“జోలీన్ దగ్గర ఉందట,” అన్నాడు.

“ఏ జోలీన్?” అని, మళ్ళీ తనే, “మీ జోలీనా?”

అవును, మా జోలీన్, నా మొదటి కూతురు. మీ జోలీన్ అని ఎన్నాళ్ళకి అన్నారు ఎవరైనా. “వెళ్ళు,” అంది మార్లా, ఇప్పుడు ఏడుస్తోంది, ఏడుపు వినిపించకుండా ట్రేల దగ్గరికి జరిగినట్టుంది. “నేను షిఫ్టు వదిలి రాలేను. వెళ్ళి చూడు. అరవకు రాడ్నీ. నువ్వు అరిస్తే ఇంక మనిద్దరికీ ఏదీ చెప్పదు.”

కొండ దిగి సరస్సు వైపు పోతున్నాడు, దారి చేతులకి తెలుసు, మనసు ఎటో. మార్లాకి ముందు కలిసున్న షెరిల్ ఇల్లు పడమటి పేటలో, మెట్ల కింద ఎర్ర సైకిలు, జోలీన్‌కి నాలుగేళ్ళు నిండాక అతను ఆ ఇంట్లోంచి వచ్చేశాడు, ఎవరూ తరమలేదు, పెద్ద పోట్లాట కూడా లేదు, ఒక సంచి సర్దుకుని వచ్చేశాడు, పిల్ల గుమ్మంలో నిలబడి ఎప్పుడొస్తావని అడగలేదు, బిస్కెట్ తెస్తావా అని అడిగింది. ఆదివారాలు పాన్‌కేకుల హోటల్లో ఎదురెదురుగా కూర్చునేవారు, పిల్ల సిరప్ పోసుకుంటూ ఉండేది, అతను గడియారం చూసుకుంటూ. తర్వాత రైల్వేలో గార్డు పని, ఇనుప ఖనిజం మోసే రైళ్ళు, పిలుపు ఎప్పుడొస్తుందో తెలియదు, వస్తే పోవాలి. ఆదివారాలు నెలకొకటయ్యాయి, తర్వాత మార్లా, తర్వాత బ్రెన్నా, తర్వాత పండక్కి ఒక కార్డు, కార్డులో సంతకం. జోలీన్ పెద్దదై ఎక్కడో రొట్టెల దుకాణంలో చేరిందని అతనికి చెప్పింది వాళ్ళమ్మ కాదు, రొట్టె కొనడానికి వెళ్ళిన ఇంజను డ్రైవరు. నీ ముక్కే రాడ్నీ, అచ్చం నీ ముక్కే, అన్నాడు వాడు, సంచిలోంచి రై పిండి రొట్టె తీసి చూపిస్తూ. ఆ రొట్టె ముక్క తింటూ ఏం అనుకున్నాడు? బాగుంది అనుకున్నాడు. రొట్టె బాగుంది అని.

బ్రిడ్జి దగ్గర గంట మోగింది, గేట్లు దిగాయి, ముందున్న కార్లన్నీ ఒకదాని వెనక ఒకటి ఆగిపోయాయి. బ్రిడ్జి పడింది. ఈ ఊళ్ళో అంతే అంటారు, ఓడ కోసం వంతెన పైకి లేచి దారి ఆగినా పడిందనే. చలికాలమంతా మూసేసిన రేవు ఇవాళే తెరిచారు, ఏడాదికి మొదటి ఓడ, కాలవ గట్టు మీద జనం ఫ్లాస్కులు పట్టుకుని నిలబడ్డారు, భుజాల మీద పిల్లలు, వంతెన నడుమ భాగం మొత్తం తాళ్ళ మీద పైకి లేస్తోంది. దాని అవతల పార్క్ పాయింట్, సన్నటి ఇసక గట్టు, దాని మీద బారుగా ఇళ్ళు, వాటిలో ఒకదాంట్లో నా ఇద్దరు పిల్లలూ. ఇద్దరూ. ఆ మాట దగ్గర కిటికీ దించాడు, మంచు మీంచి వచ్చిన గాలి చెంప మీద కొట్టింది. రెండేళ్ళ కిందట తన అమ్మ పోయినప్పుడు చర్చి నేలమాళిగలో భోజనాలు, హామ్ పెట్టిన రొట్టెలు, పెద్ద డేకిసాలో కాఫీ, జోలీన్ వచ్చి వెనక వరసలో కూర్చుంది, నల్లకోటు విప్పలేదు. అతను దగ్గరికి వెళ్ళి వచ్చినందుకు థాంక్స్ అన్నాడు, చుట్టాలకి అన్నట్టు. కాసేపయ్యాక కాఫీ కోసం లోపలికి వెళ్తే సింకు దగ్గర కూతుళ్ళిద్దరూ, వీపులు ఇటు, ఒకరు కప్పులు కడుగుతున్నారు, ఒకరు తుడుస్తున్నారు, ఎడమ భుజం కొంచెం ఎత్తుగా, ఇద్దరికీ, అమ్మకి ఉన్నట్టే. అతను గుమ్మంలోంచే వెనక్కి వచ్చేశాడు. కాఫీ లేకుండా. ఎందుకొచ్చేశాడు? వాళ్ళు ఏం మాట్లాడుకుంటున్నారో వినాలనిపించలేదు, వింటే తన పేరు వినిపిస్తుందేమోనని.

ఒక్క రాత్రి గుర్తుకు తెచ్చుకుందాం, అనుకున్నాడు, ఒక్కటంటే ఒక్కటి, పోయిన ఏడాదిలో, బ్రెన్నా నా ఇంట్లో పడుకున్న రాత్రి. ఇర్మా అడిగినప్పుడు నోటికొచ్చిన జవాబుకి ఒక్క రాత్రి తోడు రాకపోతుందా. మేడ మీద గది, తలుపు మీద ఆమె అంటించిన నక్కబొమ్మ, మంచం, మంచం మీద ఆకుపచ్చ దుప్పటి అంచులు లోపలికి మడిచి, ముడత లేకుండా, దిండు నిటారుగా. ఎప్పుడు చూసినా అలాగే. డిపోలో చెప్పుకుని మురిసిపోయాడు కూడా, పదహారేళ్ళ పిల్ల పక్క అంత పద్ధతిగా సర్దుకోవడం మీరెక్కడైనా చూశారా అని. సర్దిన పక్క కాదది. ఎవరూ పడుకోని పక్క. అదే మంచం, అదే దుప్పటి, గుమ్మంలో నిలబడి చూసి లైటు ఆర్పి వెళ్ళిన తండ్రి. స్నానాల గదిలో నీళ్ళు పోయే కన్నానికి పొడుగు జుట్టు అడ్డం పడి ప్రతి పదిరోజులకీ తీగ పెట్టి లాగాల్సొచ్చేది, తిట్టుకుంటూ లాగేవాడు, ఒక కొత్త జల్లెడ కొని బిగించాడు, అప్పట్నుంచి ఒక్కసారి కూడా పూడలేదు. ఎంత మంచి జల్లెడ అనుకున్నాడు. పక్కింటాయనకి కూడా అదే కొనమని చెప్పాడు.

ఓడ వస్తోంది, దీపస్తంభాల మధ్యకి, ఎర్రటి పొడుగాటి గోడలా, మంచు పెచ్చుల్ని పక్కకి తోసుకుంటూ, ఎంతకీ అయిపోని ఓడ, జనం చేతులూపుతున్నారు. పోయిన ఏడాది చలికాలం నుంచి అని రాసింది బ్రెన్నా. పోయిన ఏడాది చలికాలం ఏం జరిగింది. చెవిపోటు. ఆ మాట ఓడ చప్పుడులోంచి వచ్చినట్టు వచ్చింది. అతను పైన మోటెల్లో ఉన్నాడు, డ్యూటీకి డ్యూటీకి మధ్య పడుకోవాల్సిన నిద్ర, ఫోన్ ఆపేసి పడుకుంటాడు అందరిలాగే, పొద్దున తెరిస్తే బ్రెన్నా నుంచి వరసగా, నాన్నా చెవి నొప్పి, నాన్నా జ్వరం, నాన్నా అమ్మ కూడా ఎత్తట్లేదు, నాన్నా, అంతే, నాన్నా అని మాత్రమే ఉన్నవి కొన్ని. గుండె జారి ఫోన్ చేస్తే మామూలు గొంతు, బాగుంది ఇప్పుడు, తెలిసినవాళ్ళు ఆసుపత్రికి తీసుకెళ్ళారు, మందిచ్చారు. తెలిసినవాళ్ళెవరు అని అడిగాడా? అడిగే ఉండాలి. ఏ తండ్రయినా అడుగుతాడు. గుర్తు చేసుకోవడానికి ప్రయత్నించాడు, ఆ మోటెల్ కిటికీ గుర్తుంది, బయట నిలబడ్డ మంచు తవ్వే బండి గుర్తుంది, హమ్మయ్య అన్నది గుర్తుంది. అడిగినది మాత్రం ఎక్కడా లేదు.

గేట్లు లేచాయి. కార్లు కదిలాయి.

ఇల్లు చెక్కది, కింద ఎవరో ముసలి జంట, పైకి బయట నుంచే మెట్లు, మెట్ల మీద ఇసక చల్లారు జారకుండా. తలుపు తట్టకముందే తెరుచుకుంది. జోలీన్ ముంజేతుల దాకా చొక్కా మడుచుకుని ఉంది, మోచేతి దగ్గర పిండి ఎండిపోయి ఉంది, తెల్లవారకముందే పనికిపోయి మధ్యాహ్నానికి వచ్చేవాళ్ళ కళ్ళు, కింద నలుపు. ముక్కు అతనిదే. ఇంజను డ్రైవరు సరిగ్గానే చెప్పాడు.

“వచ్చారా,” అంది. నాన్నా అనలేదు, పేరూ పెట్టలేదు. “బ్రిడ్జి పడిందా?”

“పడింది.”

“ఇక నవంబరు దాటిందాకా ఇంతే. బూట్లు అక్కడ విప్పండి. కాఫీ ఉంది.”

దారంతా కూడగట్టుకున్న మాటలు చాలా ఉన్నాయి, నన్నడక్కుండా, తండ్రి బతికుండగా, పోలీసుల్ని పిలిస్తే నీ గతేమిటి అనేవి కూడా ఉన్నాయి వాటిలో, వంతెన అవతల బలంగా ఉన్నవి. చిన్న వంటింట్లో కుర్చీలో కూర్చుంటే మోకాళ్ళు బల్లకి తగులుతున్నాయి, పొయ్యి మీద ఏదో ఉడుకుతోంది, అడవి బియ్యం, కోడి, మూత కొద్దిగా లేచి పడుతోంది. పక్క గది తలుపు తెరిచే ఉంది. మంచం మీద దుప్పటి ముద్ద, ముద్దలో ఒక మేజోడు, కిటికీలో నారింజ తొక్కలు, గోడ నిండా కాగితాలు, కుర్చీ కనపడకుండా బట్టలు. ఒక మనిషి ఉంటున్న గది.

“నాకు ఫోన్ చేయొచ్చుగా,” అన్నాడు. అరవలేదు.

“మీ నంబరు నా దగ్గర లేదు. బ్రెన్నాని అడిగితే ఇవ్వనంది. ఇస్తే మీరిద్దరూ నీ ఇంట్లో నా ఇంట్లో అని మళ్ళీ మొదలుపెడతారట.” కప్పు అతని ముందు పెట్టింది. “ఆ రాత్రి చెవి నొప్పితో నాకు ఫోన్ చేసింది. మందు ఇప్పించి, ఇక్కడికి దగ్గరని తీసుకొచ్చాను, ఒక్క రాత్రికే. పొద్దున లేచి, ఇవాళ కూడా ఉండొచ్చా అంది. తర్వాత అడగడం మానేసింది. నేనూ అడగడం మానేశాను.”

“పన్ను కాగితాల్లో నువ్వే రాశావా.”

“నేనే. కంప్యూటర్లో అది అడిగింది, మీ ఇంట్లో ఎవరైనా పిల్లలు ఉన్నారా, ఏడాదిలో సగానికి పైన మీ దగ్గరే పడుకున్నారా అని. ఉంది, పడుకుంది. మీకేమవుతుంది అని అడిగింది.” జోలీన్ పొయ్యి వైపు తిరిగి మూత తీసి మళ్ళీ పెట్టింది. “చెల్లెలు అని ఉన్న చోట నొక్కాను. నొక్కి కాసేపు కూర్చుండిపోయాను. ఆ మాట నేనెక్కడా రాసుకోలేదు ఇప్పటిదాకా.”

ఇర్మా మాట గుర్తొచ్చింది, బడి లెక్కల్లో మీ ఇల్లేగా ఉంది. అవును, కాగితాలన్నీ అతనివే, బడి, డాక్టరు, పళ్ళ తీగలు, కోర్టు. ఉత్తరాలు వస్తే ఈ పిల్ల ఏం చూపిస్తుంది? ఆ మేజోడా? నారింజ తొక్కలా? నెగ్గుతాడు. ఆ సంగతి అంత తేటగా తట్టినందుకు తన మీద తనకే రోత పుట్టింది.

“మీరు గొడవ పెడితే నేను వెనక్కి తీసుకుంటాను,” అంది జోలీన్, అతని మొహంలో చదివినట్టు. “నాకు ఉత్తరాలూ అవీ వద్దు. గది మాత్రం దానిదే, అది పోతానన్న రోజు పోతుంది, అంతకుముందు మీరొచ్చి లాక్కెళ్తానంటే ఒప్పుకోను.” గరిటె అందుకుంది. “మీకు తెలుసా, చిన్నప్పుడు మీరూ అమ్మా ఫోన్లో నా గురించి పోట్లాడుకునేవారు, ఈ ఏడాది నాది, కాదు నాది అని. మెట్ల మీద కూర్చుని వినేదాన్ని. ఇద్దరికీ నేను కావాలనుకునేదాన్ని. రొట్టెల దుకాణంలో చేరి మొదటిసారి పన్ను కట్టినప్పుడు అర్థమైంది, అది దేని సంగతో.”

కోపంగా చెప్పలేదు. కోపంగా చెప్పి ఉంటే ఏదో ఒకటి అనేవాడు, అతనికి కోపానికి జవాబులు వచ్చు. కప్పు ఎత్తాడు, చల్లారిపోయింది, ఎప్పుడు చల్లారింది, ఇప్పుడేగా పోసింది. షెరిల్ వంటింటి ఫోన్, చుట్టలు తిరిగిన తీగ, ఇవతల తన గొంతు, నాది ఈ ఏడాది, నాది, ఎంత గట్టిగా అరిచేవాడో, ఆ మెట్ల మీద ఒక పిల్ల మోకాళ్ళు దగ్గరికి లాక్కుని, సంతోషంగా. సంతోషంగా కూర్చుని వినేది. ఆ ఒక్కటీ మింగుడుపడటం లేదు. ఏడ్చి ఉంటే బాగుండును.

ఫోన్ తీసి ఇర్మాకి చేశాడు. “బ్రెన్నా పేరు తీసేయండి,” అన్నాడు.

“తీసేస్తే మీకు చాలా తేడా వస్తుంది, చూసుకోండి మరి. తల్లేనా, చూపించింది?”

“కాదు. మా పెద్దమ్మాయి.”

“మీకు పెద్దమ్మాయి ఉందని ఇన్నేళ్ళలో ఎప్పుడూ చెప్పలేదే,” అంది ఇర్మా.

జోలీన్ గరిటె తిప్పడం ఆపింది, మళ్ళీ తిప్పింది. అతను ఫోన్ బల్ల మీద బోర్లించి పెట్టాడు. ఇంకేదో చెప్పాలి, క్షమించమని గాని ఇంకేదైనా గాని, ఏ మాట ఎత్తినా పన్ను కాగితంలా వినిపిస్తుందేమో అనిపించింది, అంతలో కింద వీధిలో బస్సు ఆగిన చప్పుడు, మెట్లు ఒకటొకటిగా కాదు, దూకుతూ ఎక్కుతున్న చప్పుడు, తలుపు ఇంకా తెరుచుకోకముందే గొంతు.

“అక్కా, అక్కా విను, చెప్తే నమ్మవు, భోజనాల హాల్లోకి ఉడత దూరింది, నిజం ఉడత, అందరూ అరుస్తున్నారు, వైస్ ప్రిన్సిపాల్ ఎవరూ కదలొద్దు కదలొద్దు అంటున్నాడు,” అని ఆయనలా గొంతు లావు చేసి, దాని వెనకే పకపకా నవ్వు, “కదలొద్దు అంటూ ఆయనే కుర్చీ ఎక్కేశాడు, అయ్యో దేవుడా, ఆయన పాంటు—”

ఎవరో వేరే పిల్ల, అనుకున్నాడు రాడ్నీ. కింద ముసలి జంట మనవరాలేమో, తప్పు తలుపు దగ్గరికి వచ్చింది. అతని బ్రెన్నా నెమ్మదస్తురాలు, అందరికీ అలాగే చెబుతాడు, మా పిల్లకి మాటలు తక్కువ, మా వైపు వాళ్ళంతా అంతే. అతని బల్ల దగ్గర బ్రెన్నా, తిన్నా అంటుంది, బాగుంది అంటుంది, సరే అంటుంది, గిన్నె కడిగి పెడుతుంది. తలుపు తెరుచుకుంది. పళ్ళ తీగలు మెరుస్తున్న నోరు ఇంకా తెరిచే ఉంది, బుగ్గలు చలికి ఎర్రగా, టోపీ ఒక చెవి మీదికి జారి. తండ్రిని చూసింది. గొంతు అక్కడికక్కడ, కుళాయి కట్టేసినట్టు, ఆగిపోయింది, మొహం కూడా సర్దుకుంది, అతనికి తెలిసిన మొహం వచ్చి కూర్చుంది దాని మీద, ముడత లేకుండా, నిటారుగా. ఆ మారడం అతని కళ్ళ ముందే జరిగింది. ఇన్నేళ్ళుగా ప్రతిసారీ తన గుమ్మం అవతల జరిగిపోయి ఉంటుంది, అతను చూసింది మారాక వచ్చిన పిల్లనే.

పొయ్యి మీద మూత కొట్టుకుంటోంది.

“ఆగావేం?” అంది జోలీన్, పొయ్యి దగ్గర్నుంచి తిరక్కుండానే. “కుర్చీ ఎక్కాక?”

బ్రెన్నా అక్క వీపు వైపు చూసింది, తండ్రి వైపు చూసింది, అతని మేజోళ్ళ వైపు, బల్ల మీద కప్పు వైపు. సంచి భుజం మీంచి దించి నేల మీద పెట్టింది, దాని పట్టీ వదల్లేదు.

“ఎక్కాక,” అంది, ఒక్కో మాటా పెడుతూ, కళ్ళు అతని మీంచి తీయకుండా, “అది చక్రాల కుర్చీ. ఆఫీసు కుర్చీ. ఆయన చూసుకోలేదు.”

రాడ్నీ కుర్చీని ఆమె వైపు జరుపుకున్నాడు, మోకాలు బల్లకి తగిలింది, పట్టించుకోలేదు.

“చక్రాలా,” అన్నాడు. “తర్వాత?”